బోల్తా పడుతుందనుకునే పడవ ఎక్కాలి

కెనూ (తెడ్లతో నడిపే సన్నటి చిన్న పడవ) వేసుకుని నీళ్ళ మీద పోయి, ఏదో ఒక ఒడ్డున టెంటు వేసుకుని రాత్రంతా ఉండి రావాలని ఉందంటూ, అందుకు ఏమేం కొనాలో చెప్పమని అడిగేవాళ్ళు మా నెల్లూరు వైపు ఈమధ్య బాగా కనిపిస్తున్నారు. టెంటు ఏది మంచిది, స్టవ్ ఏది తేలిక, మన ఉక్కపోతకి స్లీపింగ్ బ్యాగు ఎందుకు, ఇలాంటివే అడుగుతారు. నేను తిరిగి ఒకటే అడుగుతాను: నడి నీళ్ళలో పడవ బోల్తా పడితే అప్పుడు నీ ఒంటి మీద ఏముంటుంది, నీ పక్కన ఎవరుంటారు, ఒడ్డున ఎవరికి తెలుస్తుంది? ఈ ప్రశ్న చాలామందికి నచ్చదు. "బయల్దేరేటప్పుడు ఆ పాడు మాటలేంది అబ్బయ్యా, శుభమా అని పోతుంటే" అని మా పెద్దత్త నా మొహం మీదే అంది. ఆమెకి నా మీద ప్రేమే, కాదనను. కానీ నీళ్ళ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ మాట ఎత్తకపోవడం వల్లే మన దగ్గర మనుషులు పోతున్నారని నేను నమ్ముతున్నాను, ఇదంతా రాస్తున్నది కూడా అందుకే.

2023 ఫిబ్రవరిలో పొదలకూరు మండలం తోడేరు చెరువులో సరదాగా పడవ ఎక్కిన పది మంది కుర్రాళ్ళలో ఆరుగురు తిరిగి రాలేదు. సముద్రం కాదు, వరదలో ఉన్న పెన్న కాదు, ఊరి చెరువు. అంతకు ముందు 2017 నవంబరు 12న విజయవాడ దగ్గర పవిత్ర సంగమం పక్కన కృష్ణలో పడవ మునిగి ఇరవై మందికి పైగా చనిపోతే వాళ్ళలో ఎక్కువమంది ఒంగోలు వాళ్ళే, కార్తీకమాసంలో కలిసి సరదాగా వెళ్ళినవాళ్ళు. ఒంగోలులో ఆ తర్వాత చాలా రోజులు ఏ వీధికి పోయినా అదే మాట. అప్పుడు అందరం ఎక్కువమందిని ఎక్కించుకున్నారని, లైఫ్ జాకెట్లు లేవని తిట్టుకున్నాం, ఆ తిట్టుకోవడం న్యాయమే. అయితే మనంతట మనమే తెడ్డు పట్టుకుని వెళ్ళే ప్రయాణంలో ఎక్కించుకునేవాడూ మనమే, ఎక్కేవాడూ మనమే. అక్కడ నిలదీయడానికి ఇంకో మనిషి ఉండడు.

ఇంతా చెప్పాక వచ్చే మొదటి జవాబు ఎప్పుడూ ఒకటే. "నాకు ఈత వచ్చన్నా."

వచ్చు, నిజమే. మన పల్లెల్లో ఈత రాని మగపిల్లలు ఒకప్పుడు తక్కువ. అయితే ఎక్కడ నేర్చుకున్నాం? పొలంలో దిగుడు బావిలో. నాలుగు బారలు వేస్తే అవతలి గట్టు, చెయ్యి చాపితే మెట్టు, పైన కూర్చుని చూస్తున్న మామో, అన్నో. గాలి లేదు, అల లేదు, ఒంటి మీద డ్రాయరు తప్ప బట్ట లేదు. కండలేరు జలాశయం మధ్యలో ఒడ్డు అర కిలోమీటరు అవతల ఉంటుంది, కాళ్ళకి జీన్స్ ప్యాంటు తడిసి బరువెక్కి ఉంటుంది, పడేటప్పుడు పడవ అంచు తలకి తగిలి ఉండొచ్చు, పక్కన ఈత రాని స్నేహితుడు మెడ పట్టుకుని వేలాడుతుంటాడు. బావి ఈత వీటిలో ఒక్కదానికీ మనల్ని సిద్ధం చెయ్యలేదు. ఆ బావిలోకి మొదటిసారి దిగినప్పుడు మన నడుముకి బెండ్లు కట్టిందీ, లేకపోతే ఎండు సొరబుర్ర కట్టిందీ మన పెద్దవాళ్ళే. దాన్ని ఎవరూ పిరికితనం అనలేదు. లైఫ్ జాకెట్ పెద్ద నీళ్ళకి కట్టుకునే బెండు, అంతే, దాన్ని కట్టుకోవడానికి సిగ్గెందుకో నాకు అర్థం కాదు.

జాకెట్ పడవలో ఉందంటే కుదరదు, ఒంటి మీద ఉండాలి, బకిల్స్ పెట్టి ఉండాలి. పడవ తిరగబడ్డాక నీళ్ళలో దాన్ని వెతుక్కుని తొడుక్కోవడం ఒడ్డున కూర్చుని ఊహించుకున్నంత తేలిక కాదు, కావాలంటే గుండె లోతు నీళ్ళలో ఒకసారి ప్రయత్నించి చూడండి. కొనేటప్పుడు రంగు చూసి కొనొద్దు, లేబుల్ చదవండి. 50 న్యూటన్లు, 100 న్యూటన్లు, 150 న్యూటన్లు అని ఉంటుంది. 50 అంటే దాదాపు 5 కిలోల బరువును తేల్చే శక్తి, అది ఈత బాగా వచ్చి, ఒడ్డుకో సాయానికో దగ్గరలో ఉండేవాళ్ళ కోసం. ఈత రానివాళ్ళకి, పిల్లలకి 100కి తగ్గకూడదు, ఆ రకం జాకెట్ మనిషిని వెల్లకిలా తిప్పి ముఖం నీళ్ళపైన ఉండేలా చూడటానికి తయారుచేసింది. వేసుకుని బిగించాక వెనకనుంచి ఒకరు భుజాల దగ్గర పట్టుకుని గట్టిగా పైకి లాగాలి. అది గడ్డం దాటి చెవుల దాకా జారిందా, ఆ సైజు మీది కాదు. పిల్లల జాకెట్‌కి కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ లేకపోతే పిల్లాడు కింద నుంచి జారిపోతాడు. లోపలి స్పాంజి నలిగి పలకబారిపోయినవి, పట్టీ ఊడితే పురికొసతో ముడేసినవి బాడుగకి ఇస్తుంటారు కొన్ని చోట్ల. అలాంటివి తీసుకునేకంటే ఆ రోజుకి పడవ మానుకోవడం మేలు.

బట్టల గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. జీన్స్ వద్దు, లుంగీ వద్దు, చున్నీ బ్యాగులో పెట్టేయాలి, చీరతో కెనూలో కూర్చోవద్దు. త్వరగా ఆరే పల్చటి ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా, వెనక పట్టీ ఉన్న చెప్పులు. ఆడవాళ్ళకి మనం చిన్నప్పుడు బావిలో ఈత నేర్పలేదు, అన్నదమ్ములు దూకుతుంటే గట్టు మీద నిలబడి బట్టలు కాపలా కాశారు. కాబట్టి మీతో వచ్చే చెల్లెలికో భార్యకో ముందుగా జాకెట్ వేసి, నీళ్ళలో వెల్లకిలా తేలడం అలవాటు చెయ్యండి. ఒక్క పూట చాలు. నీళ్ళు తనని మోస్తాయని ఒంటికి తెలిస్తే గాబరా సగం పోతుంది.

ఇప్పుడు కాలం. నాకు అన్నిటికన్నా కోపం వచ్చే విషయం ఇదే. మనవాళ్ళకి నీళ్ళ పక్కకి పోవాలనిపించేది కార్తీకంలో. వనభోజనాలు, స్నానాలు, దీపాలు వదలడాలు, అన్నీ అప్పుడే. రాష్ట్రంలో మిగతా చోట్ల సంగతి వేరు, మన నెల్లూరుకి మాత్రం అసలు వానాకాలం అదే. నైరుతి మనకి అంతంత మాత్రం, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతోనే మన చెరువులు నిండుతాయి, తుపానులూ అప్పుడే వస్తాయి. 1989 నవంబరులో కావలి మీద పడ్డ తుపాను గురించి మా ఇంట్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. 2021 నవంబరులో సోమశిల జలాశయం నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలితే పడుగుపాడు దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్ళు ఆగిపోయాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను. క్యాలెండరు చూసి కార్తీక ఆదివారం అని ముహూర్తం పెట్టుకుని, సెలవు దొరికింది కదా అని కెనూ దింపడం అంటే ఏడాదిలో అన్నిటికన్నా ప్రమాదమైన రోజుల్ని వెతికి మరీ ఎంచుకోవడం. దీపం పెట్టుకోండి, ఉసిరి చెట్టు కింద భోజనం చెయ్యండి, కెనూ మాత్రం సంక్రాంతి దాటాక దించండి. జనవరి చివర నుంచి మార్చి మొదటి వారాల దాకా జలాశయాల్లో నీళ్ళుంటాయి, ఆకాశం తేటగా ఉంటుంది, ఎండ ఇంకా ముదరదు. ఏప్రిల్, మే నెలల్లో పగలు 40 డిగ్రీలు దాటుతుంది, సాయంత్రం ఎక్కడినుంచో గాలివాన లేస్తుంది. అప్పుడూ వద్దు.

మంచి కాలంలో కూడా గాలి సంగతి చూసుకోవాలి. కెనూకి వానకంటే గాలే శత్రువు. తీరం పక్కన పొద్దున్నే నీళ్ళు అద్దంలా ఉంటాయి, ఎండెక్కేకొద్దీ సముద్రం మీద నుంచి గాలి మొదలవుతుంది, మధ్యాహ్నానికి బలపడుతుంది. పులికాట్ లాంటి లోతు తక్కువ సరస్సులో ఆ గాలికి లేచే అలలు పొట్టిగా, దగ్గర దగ్గరగా, నిటారుగా వస్తాయి. పెద్ద పడవకి అవి లెక్క కాదు, కెనూ అంచు మీదుగా మాత్రం లోపలికి పడతాయి. తెల్లవారగానే బయల్దేరి పది గంటలకల్లా ఒడ్డెక్కేలా దూరం పెట్టుకోవాలి. పోయేటప్పుడు గాలికి ఎదురుగా పోతే ఒంట్లో ఓపిక తగ్గి తిరిగొచ్చేటప్పటికి గాలి వెనకనుంచి తోస్తుంది. చాలామంది ఉల్టాగా చేస్తారు, గాలివాటున హాయిగా దూరం పోయి, చేతులు పీకుతున్నప్పుడు ఎదురుగాలిలో తిరిగొస్తారు. వాతావరణ శాఖ హెచ్చరికలు ముందు రోజు రాత్రి చూడండి, బయల్దేరే పొద్దున మళ్ళీ చూడండి. కృష్ణపట్నం పోర్టులో ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని పేపర్లో వస్తే ఒకటో నంబరే కదా అనుకోవద్దు, మన కెనూకి అది చాలు. ఉరుము ఒక్కటి వినిపించినా ఒడ్డెక్కాలి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి గానీ దిగకూడదు. నడి నీళ్ళలో అన్నిటికంటే ఎత్తుగా ఉండేది మన తలే.

ఎక్కడికి పోవాలి అనేదాంట్లో నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. సముద్రంలోకి వద్దు, మైపాడైనా కొత్తపట్నమైనా. పులికాట్ అందం నాకూ తెలుసు, చలికాలంలో రాజహంసలు దిగినప్పుడు తడ వైపు రోడ్డు మీద నిలబడితే కదలబుద్ధి కాదు. కానీ అది పక్షుల అభయారణ్యం, అటవీ శాఖ అనుమతి లేకుండా అందులో దిగడం, రాత్రి ఉండటం తప్పు. పక్షుల గుంపు మధ్యకి పడవ తోలితే అవి మేత వదిలి లేచిపోతాయి. పక్కనే శ్రీహరికోట, అక్కడి ఆంక్షలు వేరే. పైగా పులికాట్‌లో నీళ్ళు ఉన్నట్టే ఉండి చాలా చోట్ల మోకాలి లోతు నీటి కింద బురద, దిగితే కాలు రాదు, తెడ్డు వేస్తే పడవ కదలదు. తాగడానికి చుక్క పనికిరాదు, మొత్తం మోసుకుపోవాలి. రాయదొరువు లాంటి ముఖద్వారాల దగ్గర పోటూ పాటూ లాగుతాయి. అక్కడ చేపలు పట్టేవాళ్ళకి ఈ విషయాలన్నీ చిన్నప్పటినుంచీ తెలుసు, మనకి తెలియవు. వాళ్ళలో ఒకరు తోడు రాకుండా వెళ్ళకూడదు.

నన్నడిగితే మొదటిసారి వెళ్ళేవాళ్ళకి రాపూరు, పొదలకూరు వైపు తెలిసినవాళ్ళ నిమ్మతోటో పొలమో కండలేరు జలాశయం ఒడ్డుకి దగ్గరగా ఉంటే అంతకంటే మంచి చోటు లేదు. ఆ నీళ్ళు మద్రాసు దాకా తాగునీరుగా పోతాయి, అందుకని ఇరిగేషన్ వాళ్ళని అడిగి, ఒప్పుకుంటేనే దిగాలి, సబ్బు, ప్లాస్టిక్, ఎంగిలి ఏదీ నీళ్ళలో పడకూడదు. అడిగితే ఒప్పుకోరని అడగకుండా దిగేవాళ్ళున్నారు. అడగడంలో ఇంకో లాభం ఉంది: గేట్లు ఎప్పుడు ఎత్తుతారో, నీళ్ళు ఎప్పుడు పెరుగుతాయో చెప్పగలిగేది వాళ్ళే. జలాశయంలో నీళ్ళు తగ్గే కాలంలో ఒడ్డు పొడవునా ముళ్ళ చిల్లచెట్ల మోళ్ళు నీటికి జానెడు కింద దాక్కుని ఉంటాయి. ఆన్‌లైన్లో కొనే గాలి పడవలకి ఒక్క ముల్లు చాలు. సోమశిల వెనక నీళ్ళలో అయితే కింద ముంపు ఊళ్ళున్నాయి, గోడలూ బావులూ ఎక్కడున్నాయో పైనుంచి కనిపించదు. రాత్రి వేసిన వలలు పొద్దున దాకా ఉంటాయి, పడ్డవాడి కాళ్ళకి చుట్టుకునేవి అవే. అందుకే జాకెట్‌కి చిన్న చాకు, పక్కన విజిల్ ఉండాలి. మనిషి గొంతు పది కేకలకి పోతుంది, విజిల్ పోదు.

సామాను సర్దేటప్పుడు కూడా అదే ప్రశ్న. బోల్తా పడితే ఏది తేలుతుంది, ఏది మునుగుతుంది? బరువైనవి అడుగున, మధ్యలో పెట్టాలి. అన్నీ ఎక్కి, మనుషులూ కూర్చున్నాక పడవ అంచుకీ నీటికీ మధ్య కనీసం జానెడు ఉండాలి, లేకపోతే కుర్చీలు, బిర్యానీ డేగిశా, స్పీకరు దింపేయాల్సిందే. నీళ్ళు దూరని ఖరీదైన డ్రై బ్యాగులు లేకపోయినా పర్వాలేదు, బిగుతు మూతున్న 20 లీటర్ల పెయింటు బకెట్లో బట్టలు, అగ్గిపెట్టె, మందులు పెడితే చుక్క దిగదు, బోల్తా పడ్డా తేలుతుంది. మూతలు బిగించిన ఖాళీ క్యాన్లు రెండు కొసల్లోనూ గట్టిగా కట్టేస్తే నీళ్ళు నిండిన కెనూ కూడా పైనే ఉంటుంది. కట్టే తాళ్ళు మాత్రం పొట్టిగా ఉండాలి, వదులుగా వేలాడే తాడు వల లాంటిదే. అదనంగా ఒక తెడ్డు, నీళ్ళు తోడటానికి కోసిన డబ్బా, విసరడానికి 15 మీటర్ల తాడు. ఫోను నీళ్ళు దూరని కవరులో మెడకి. మనిషికి రోజుకి నాలుగైదు లీటర్ల తాగునీళ్ళు, ఓఆర్ఎస్ పొట్లాలు, నెత్తికి టోపీ. మన దగ్గర చలికి వణికి పోయేవాళ్ళు ఉండరు గానీ, నీళ్ళ మీద రెండు వైపుల నుంచీ కొట్టే ఎండకి కళ్ళు తిరిగి పక్కకి ఒరిగిపోయేవాళ్ళు ఉంటారు. మందు సీసా పడవలోకి రాకూడదు, టెంటు దగ్గరకీ రాకూడదు. ఈ ఒక్క విషయంలో నేను బేరం ఆడను, దానికోసం స్నేహితులు రాకపోయినా సరే.

అన్నీ కొన్నాక, బయల్దేరే వారానికి ముందు, పడవని కావాలని బోల్తా కొట్టించాలి. గుండె లోతు నీళ్ళలో, ఒడ్డు పక్కనే, జాకెట్లు వేసుకుని, ఒకరు ఒడ్డున తాడు పట్టుకుని నిలబడి ఉండగా. అప్పుడు తెలుస్తుంది, పడ్డ వెంటనే మన చెయ్యి తెడ్డు కోసమో బ్యాగు కోసమో పోతుందని. పట్టుకోవాల్సింది పడవని. గాలి ఉన్నప్పుడు ఖాళీ కెనూ మనం ఈదేదానికంటే వేగంగా కొట్టుకుపోతుంది, ఒకసారి చెయ్యి జారితే మళ్ళీ అందదు. తిరగబడ్డ పడవ కూడా తేలుతూనే ఉంటుంది, దూరం నుంచి చూసేవాళ్ళకి మనిషి తల కంటే అదే ముందు కనిపిస్తుంది. రెండు కెనూలు కలిసి వెళ్ళడం ఎందుకంటే ఒకటి తిరగబడితే రెండోదాని మీద అడ్డంగా దాన్ని లాగి, నీళ్ళు ఒంపేసి, మళ్ళీ నీళ్ళ మీద పెట్టొచ్చు. ఇది చూస్తే తేలికే, చేస్తే మొదట రాదు, మళ్ళీ మళ్ళీ చేస్తేనే వస్తుంది. ఒక్క పడవతో రాత్రి ప్రయాణం పెట్టుకోవద్దు. ఎవరైనా మునుగుతుంటే దూకొద్దు, చెయ్యో తెడ్డో చాచండి, తాడు విసరండి. ఒకరిని కాపాడబోయి ఇంకొకరు, వాళ్ళ కోసం మరొకరు పోయిన వార్తలు మనం ప్రతి ఎండాకాలం చదువుతూనే ఉన్నాం.

రాత్రి సంగతి త్వరగా చెబుతాను, తెలిసినవే ఎక్కువ. ఏట్లో ఇసుక తిన్నె మీద, నీళ్ళ మధ్య దిబ్బ మీద టెంటు వద్దు, పైన ఎక్కడో కురిసిన వాన మనకి చెప్పి రాదు. ఒడ్డు మీద పాత నీటి గీత కనిపిస్తుంది, దానికి బాగా పైన వేసుకోవాలి. పడవని కూడా పైకి లాగి చెట్టుకి కట్టేయాలి. టెంటు జిప్పు ఎప్పుడూ మూసే ఉండాలి. కట్లపాము పడుకున్నవాళ్ళ పక్కలోకి వస్తుంది, కాటేస్తే నొప్పి కూడా తెలియకపోవచ్చు, కురుపో దోమో అనుకుని మళ్ళీ నిద్రపోతారు. ఒడ్డు గడ్డిలో రక్తపింజర ఉంటుంది, టార్చి లేకుండా అడుగు వెయ్యొద్దు. కరిస్తే కోయడం, తాడు బిగించడం, పసరు మందు, ఏదీ వద్దు. కరిచిన కాలు కదపకుండా ఉంచి, విషానికి విరుగుడు ఇంజెక్షను ఉన్న ఆస్పత్రికి తీసుకుపోవాలి, 108కి ఫోను చెయ్యాలి. ఆ ఆస్పత్రి ఎక్కడుంది, అర్ధరాత్రి అక్కడికి బండి ఎలా వస్తుంది, టెంటు వేసిన చోట సిగ్నలు ఉందా, ఇవి ఇంట్లో ఉండగానే కనుక్కోవాల్సినవి. రోడ్డు రాని చోట ఎంత అందం ఉన్నా రాత్రి ఉండొద్దు.

ఇక ఒడ్డున ఉండే మనిషికి రాసిచ్చే కాగితం. ఎవరెవరు వెళ్తున్నారు, ఏ ఒడ్డు నుంచి, ఏ ఒడ్డుకి, పడవల రంగు, టెంటు ఎక్కడ, మర్నాడు ఎన్ని గంటలకి తిరిగొస్తారు, ఆ గంట దాటి ఎంతసేపు చూసి ఎవరికి ఫోను చెయ్యాలి. 112, దగ్గరి స్టేషను, ఒడ్డున ఉన్న రైతు నంబరు. వాట్సాప్‌లో లొకేషను పంపించాం కదా అంటారు, సిగ్నలు పోతే అది నిన్నటి చోటే చూపిస్తుంది. ఈ కాగితం ఇచ్చే మనిషిని జాగ్రత్తగా ఎంచుకోండి. "పిల్లలు సరదాగా ఉన్నారేమో, ఇంకాసేపు చూద్దాం, పోలీసులకి చెబితే బాగుండదేమో" అని మొహమాటపడే మనిషికి ఇవ్వొద్దు. నేను మా పెద్దత్తకే ఇచ్చాను. పాడు మాటలన్న ఆమే చదివి, "పన్నెండు దాటితే నేను ఊరుకోను, స్టేషనుకే పోతా" అంది. నాకు కావలసింది సరిగ్గా అదే.

ఆఖరుకి, ఒడ్డున నిలబడ్డాక వద్దనే హక్కు గుంపులో ప్రతి ఒక్కరికీ ఉండాలి, అందరికంటే చిన్నవాడికి కూడా. ఒంగోలు నుంచో కావలి నుంచో తెల్లవారుజామున లేచి, డీజిలు పోసుకుని, సెలవు పెట్టుకుని, పడవ బండి పైన కట్టుకుని వచ్చాక గాలి చూసి ఒకరికి భయం వేస్తే ఆ మాట నోటి వెంట రావడం చాలా కష్టం. పక్కవాళ్ళు నవ్వుతారని, ఖర్చు దండగైందంటారని మింగేస్తారు. అందుకే మా వాళ్ళలో ఈ మాట ఇంట్లో ఉన్నప్పుడే అనుకున్నాం: ఒక్కరు వద్దంటే ఆ రోజు పడవ దిగదు, ఎందుకని ఎవరూ అడగకూడదు, తర్వాత దాని గురించి ఆటపట్టించకూడదు. టెంటు ఒడ్డునే వేసుకుంటాం, కూర అక్కడే వండుకుంటాం, గాలి తగ్గితే మర్నాడు పొద్దున చూస్తాం, తగ్గకపోతే పడవల తాళ్ళు విప్పకుండానే తిరిగొచ్చేస్తాం.